‘బిడెన్స్’ అంటే రెండే పళ్లున్న గొర్రె కాదు

ప్రాచీన రోమన్లు రెండే పళ్లున్న వింత గొర్రెలను ఏరి దేవతలకు బలిచ్చేవారని, లాటిన్‌లో ‘రెండు పళ్లది’ అనే అర్థమిచ్చే ‘బిడెన్స్’ అనే విశేషణం అలా పుట్టిందని, అది గొర్రెలకు మాత్రమే చెల్లుతుందని ఒక మాట ప్రచారంలో ఉంది. ఈ మూడింటిలో ఒక్కటీ నిలవదు.

ముందుగా పళ్ల సంగతి చూద్దాం. గొర్రెకు ముందు పళ్లు కింది దవడకే ఉంటాయి, అవి ఎనిమిది; పైన వాటికి ఎదురుగా ఉండేది గట్టి చిగురు మాత్రమే. ఏడాది, ఏడాదిన్నర వయసులో నడిమి పాలపళ్లు రెండూ ఊడి, వాటి చోట వెడల్పైన, పొడవైన పళ్లు వస్తాయి. పక్కనున్న ఆరు పాలపళ్లు చిన్నవి కావడంతో చూసేవారికి ఆ రెండే కొట్టొచ్చినట్లు కనబడతాయి. మన కాపరి పెదవి విప్పి చూసి ‘రెండు పళ్లు వేసింది’ అన్నప్పుడు తక్కిన పళ్లు లేవని కాదు, దాని వయసు చెబుతున్నాడు. రోమన్ చక్రవర్తి ఆగస్టస్ కాలపు పండితుడు హైజినస్ కూడా సరిగ్గా ఇదే రాశాడు: బిడెన్స్ అయిన బలిపశువుకు ఎనిమిది పళ్లుండాలి, వాటిలో రెండు మిగతావాటికన్నా ఎత్తుగా ఉండి, అది చిన్న వయసు దాటిందని తెలపాలి.

ఈ పొరపాటు పాతదే. క్రీ.శ. 2వ శతాబ్దపు రోమన్ రచయిత ఔలస్ గెలియస్ ఇటలీలోని బ్రుండిసియం రేవులో ఒక పండితుణ్ణి, రోమన్ కవి వర్జిల్ కావ్యంలోని ‘బిడెన్స్’ అనే మాటకు అర్థమేమిటని అడిగాడు. గొర్రెలకు రెండే పళ్లుంటాయి గనుక అని ఆయన జవాబిచ్చాడు. అలాంటి గొర్రె ఎక్కడ కనబడింది, కనబడితే అది శాంతి చేయించవలసిన అపశకునం కదా అని గెలియస్ నిలదీయగా, గొర్రెల పళ్ల గురించి కాపరులను అడగమని పండితుడు కోపగించుకున్నాడు. వింత గొర్రెలనే బలిచ్చేవారన్న వాదనకు కూడా ఇందులోనే జవాబుంది: పుట్టుకతో వికృతమైన పశువు రోమన్లకు అశుభ సూచన. బలికి ముందు పశువును పరీక్షించి, లోపమున్నదాన్ని పక్కన పెట్టేవారు.

ఇక గొర్రెలకే పరిమితమన్న మాట. రెండేళ్ల బలిపశువు ఏదైనా బిడెన్సేనని క్రీ.పూ. 1వ శతాబ్దపు రోమన్ పండితుడు నిగిడియస్ ఫిగులస్ చెప్పాడు. రోమన్ నాటక రచయిత పొంపోనియస్ నాటకంలో ఒక పాత్ర యుద్ధ దేవుడు మార్స్‌కు మొక్కుకున్నది బిడెన్స్ అయిన మగపందిని.