కార్పొరేటర్ లేని ఊళ్ళో నీళ్ళ కోసం ఎవరిని నిలదీయాలి?

బెంగళూరు నీటి సరఫరాను ప్రైవేటుకు అప్పగిస్తారా అని ఇప్పటికీ చర్చలు నడుస్తున్నాయి. నగర శివార్లలోని వర్తూరు, బెళ్ళందూరు వైపు ఉండేవాళ్ళకు అది పాత సంగతి. అక్కడ నీళ్ళు ఎప్పుడో ప్రైవేటుపరం అయిపోయాయి. ఎవరూ టెండర్ పిలవలేదు, ఒప్పందం మీద సంతకం చేయలేదు. పైపు రావాల్సిన చోటికి ట్యాంకర్ వచ్చింది, అంతే.

వర్తూరు, బెళ్ళందూరు లాంటి శివారు గ్రామాలు 2007లో బెంగళూరు మహానగర పాలికెలో, అంటే నగర కార్పొరేషన్‌లో కలిశాయి. మొత్తం 110. వాటికి కావేరి నది నీళ్ళిచ్చే పథకం ఐదో దశ మొదలైంది 2024 అక్టోబరులో. మధ్యలో పదిహేడేళ్ళు. ఆ పదిహేడేళ్ళలోనే ఐటీ పార్కులకు అనుమతులొచ్చాయి, వందల ఫ్లాట్ల టవర్లకు అనుమతులొచ్చాయి, ఆస్తి పన్ను వసూలైంది. నీళ్ళొక్కటే రాలేదు. ట్యాంకర్ వ్యాపారాన్ని పెంచి పోషించింది ఆ ఖాళీయే.

2024 మార్చిలో బెంగళూరు నీటి ఎద్దడి అందరికీ గుర్తే. నేను మాట్లాడేది రేటు గురించి. జనం గగ్గోలు పెట్టాక జిల్లా యంత్రాంగం ట్యాంకర్ ధర ఖరారు చేసింది: 5 కిలోమీటర్ల లోపు 6,000 లీటర్లకు 600 రూపాయలు. అంటే లీటరుకు 10 పైసలు. అదే సమయంలో జలమండలి (నగరానికి నీళ్ళిచ్చే ప్రభుత్వ సంస్థ) కనెక్షన్ ఉన్న ఇల్లు నెలకు మొదటి 8,000 లీటర్లకు కట్టింది వెయ్యికి 7 రూపాయలు, అంటే లీటరుకు పైసా కూడా కాదు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో జలమండలి చార్జీలు పెంచింది. ఇళ్ళకు ఆ పెంపు లీటరుకు పైసా మించలేదు. అయినా ఎన్ని విమర్శలు! పది పైసల రేటు మాత్రం నెలనెలా మెయింటెనెన్స్ బిల్లులో కలిసిపోతోంది. ఒక ఊళ్ళో ప్రభుత్వమే పది రెట్లకు పైగా తేడా ఉన్న రెండు ధరలకు ముద్ర వేసిందంటే, అది రెండు తరగతుల పౌరులను ఒప్పుకోవడమే.

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు టేబుల్ మీద ఒక రిజిస్టర్ ఉంటుంది. ట్యాంకర్ నంబరు, వచ్చిన టైము, ఎన్ని లీటర్లు, డ్రైవర్ సంతకం. సంపులోకి పైపు వదిలాక ఎవరో ఒకరు నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ ముంచి చూస్తారు. ఆ నీళ్ళు ఏ ఊరి బోరువో రాసే గడి ఆ రిజిస్టర్‌లో ఉండదు. ఎవరి పొలం కింద నీళ్ళు మన ట్యాంకులోకి వచ్చాయో మనం అడగం, వాళ్ళు చెప్పరు. ప్రైవేటు నీళ్ళలో నన్ను అన్నింటికంటే కలవరపెట్టేది ధర కాదు, ఇదే. జవాబు చెప్పాల్సిన మనిషి ఎక్కడా కనిపించడు.

జలమండలి మాత్రం ఉద్ధరించిందా అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. సరఫరా చేసే నీళ్ళలో పావు వంతుకు పైగా లీకేజీల్లో, లెక్కకు రాని వాడకంలో పోతోంది. ఉత్తర కర్ణాటకలోని హుబ్బళ్ళి-ధారవాడలో ప్రైవేటు ఆపరేటర్ కొన్ని వార్డులకు 24 గంటలూ నీళ్ళిచ్చిన మాట నిజం. కానీ అక్కడ పైపులు మార్చిన డబ్బు కంపెనీది కాదు, ప్రపంచ బ్యాంకు అప్పుతో నడిచిన ప్రభుత్వ ప్రాజెక్టుది. ఆ డబ్బు పెడితే జలమండలి ఇంజినీర్లకు చేతకాదని ఎవరు తేల్చారు?

జనం ఎదురుతిరిగి గెలిచిన చోట ఏముందో చూడండి. కేరళలో పాలక్కాడ్ జిల్లా ప్లాచిమడలో కోకా-కోలా ప్లాంటు 2000లో మొదలైంది. బావులు చెడిపోతున్నాయని 2002లో ఆదివాసీలు దీక్షకు కూర్చున్నారు. దీక్షకు బలం తెచ్చింది పెరుమాట్టి పంచాయతీ. 2003లో లైసెన్స్ రెన్యువల్ చేయబోమని తీర్మానించింది. 2004 మార్చిలో ప్లాంటు ఆగింది. ఆ తర్వాత కోర్టుల్లో ఎంత నలిగినా, కంపెనీకి మొదట అడ్డం పడింది ఓట్లతో గెలిచిన ఒక చిన్న పంచాయతీ.

బెంగళూరు శివార్లలోనూ అలాంటిది జరిగింది. 2000ల మధ్యలో కె.ఆర్.పుర, మహదేవపుర, బొమ్మనహళ్ళి వంటి ఎనిమిది పట్టణాల్లో కావేరి నీళ్ళ కోసం ముందుగానే జనం దగ్గర వాటా డబ్బు అడిగారు. నిర్వహణను ప్రైవేటుకు ఇచ్చే ఆలోచనా ఉండేది. బస్తీ సంఘాలు, కాలనీవాళ్ళు రోడ్డెక్కారు. ప్రైవేటు ఆలోచన ముందుకు సాగలేదు. అప్పుడు వెళ్ళి నిలదీయడానికి పక్కనే పురసభ (మున్సిపాలిటీ) ఆఫీసు ఉండేది, అందులో కౌన్సిలర్ ఉండేవాడు.

మరి 2024లో? పాలికెకు ఎన్నికైన పాలకవర్గం గడువు 2020 సెప్టెంబరులోనే ముగిసింది. ఎద్దడి ముదిరిన ఆ ఎండాకాలంలో బెంగళూరులో ఒక్క కార్పొరేటర్ కూడా లేడు. కోటికి పైగా జనం ఉన్న నగరాన్ని ఐదేళ్ళు అధికారులతో నడిపారు. పాలికెను ఐదు కార్పొరేషన్లుగా చీల్చడానికి తీరిక దొరికింది గానీ ఎన్నికలకు దొరకలేదు. ప్రైవేటు నీళ్ళకు ఇంతకంటే అనుకూలమైన పాలన ఇంకేం కావాలి!

ఇందులో మన తెలుగువాళ్ళ వంతు కూడా ఉంది. బెంగళూరు మారతహళ్ళిలో పదిహేనేళ్ళుగా ఇల్లు కొనుక్కుని ఉంటాం, ఓటు మాత్రం అనంతపురంలోనో నెల్లూరులోనో ఉంచుకుంటాం. 2024 మే 13న ఆంధ్రలో పోలింగ్ అంటే బెంగళూరు నుంచి బస్సులు కిక్కిరిసి వెళ్ళాయి. అక్కడ పోలింగ్ 80 శాతం దాటింది. అంతకు రెండు వారాల ముందు, ఏప్రిల్ 26న, నీళ్ళు లేక అల్లాడుతున్న బెంగళూరులో మూడు లోక్‌సభ స్థానాల్లోనూ 55 శాతం దాటలేదు. సొంతూరి మీద మమకారం తప్పని నేననను. కానీ ఓటరు జాబితాలో లేని ఫ్లాట్ల కోసం ఏ ఎమ్మెల్యే జలమండలి మీద ఒత్తిడి తెస్తాడు? ఓటు ఊళ్ళో పెట్టి, ఇక్కడ ట్యాంకర్ బిల్లు కట్టుకుంటూ, కర్ణాటక ప్రభుత్వం పట్టించుకోదంటే ఎట్లా?

ఐదో దశ నీళ్ళొచ్చాక కూడా డిపాజిట్ ఎక్కువని కనెక్షన్ వాయిదా వేస్తున్న అపార్ట్‌మెంట్లున్నాయి. ఆ డిపాజిట్‌ను వాయిదాల్లో కట్టనివ్వమని అడగాలి, కనెక్షన్ మాత్రం తీసుకోవాలి. ప్రతి ట్యాంకర్ ఏ బోరు దగ్గర నిండిందో బోర్డు పెట్టమని వార్డు సభలో పట్టుబట్టాలి. అంతకు ముందు చేయాల్సిన పని మరొకటుంది. ఓటరు చిరునామా మార్చుకునే ఫారం 8 నింపి ఓటు ఇక్కడికి మార్చుకోవాలి.