మహారాజశ్రీ వర్చువల్ మెషీన్ గారికి

బరంపురం పెద్ద బజారు ప్రింటింగ్ దుకాణం నుంచి తమరి సేవకుల్లో ఒకడు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. ఇక్కడ పెళ్లికార్డుల సీజను. మేమంతా క్షేమం. తమరి క్షేమం వేరే అడగక్కర్లేదు, మా ముగ్గురి ఆయుష్షూ తమరే తింటున్నారు.

కంప్యూటరు లోపల సాఫ్ట్‌వేరుతో కట్టిన ఇంకో కంప్యూటరు తమరు. తమరి వంశం సామాన్యమైంది కాదని తెలుసు. 1960ల్లో ఐబీఎం వాళ్లు గదంత కంప్యూటరు ఒకటి పెట్టుకుని, దాని ముందు కూర్చున్న ప్రతివాడికీ మొత్తం యంత్రం తనదే అనిపించడానికి మీ తాతల్ని పుట్టించారు. 1972లో వీఎం/370 అని పేరుపెట్టి బజారులోకి తెచ్చారు. యంత్రం ఒకటే, పదిమందికి పది కంప్యూటర్లు. మా దగ్గరికొచ్చేసరికి లెక్క తలకిందులైంది. కంప్యూటరు ఒకటి, అందులో మీరొక్కరు, మీ చుట్టూ ముగ్గురం: పెద్దన్నయ్య, నేను, ఒడియా టైపింగ్ చూసే భాయినా.

కార్డు డిజైన్లంటూ జనం తెచ్చే పెన్‌డ్రైవుల వైరస్‌లు భరించలేక మా మేనల్లుడు కంప్యూటర్లో విండోస్ బదులు ఉబుంటు అనే వేరే ఆపరేటింగ్ సిస్టం వేశాడు. కార్డులు కట్టే మా పాత పేజ్‌మేకరు సాఫ్ట్‌వేరు, తెలుగుకి అను ఫాంట్లు, భాయినా వాడే ఆకృతి ఫాంట్లు అందులో బతకవు. వాటికోసం మీ కడుపులో విండోస్ ఎక్స్‌పీని కూర్చోబెట్టాం. 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్ట్ దానికి నీళ్లు వదిలేసింది. మేం ఇంకా దాని చేతే శుభలేఖలు రాయిస్తున్నాం. (ఇంటర్నెట్టు మాత్రం ఇవ్వలేదు లెండి. ఆ వయసులో దానికెందుకు?)

ముగ్గురికీ మూడు అకౌంట్లు. మిమ్మల్ని మాత్రం అందరికీ అందే ఫోల్డర్లో ప్రతిష్ఠించి, దాని తలుపులు బార్లా తీశాం. ఏం లాభం? పెద్దన్నయ్య మిమ్మల్ని తెరిచి మూసి వెళ్లాడంటే పాత సెట్టింగుల ఫైలు పక్కకు తప్పుకుని, కొత్తది ఆయన పేరున పుడుతుంది. దాని నుదుట 600 అని రాసి ఉంటుంది. చదివే హక్కూ రాసే హక్కూ ఓనరుకి. గ్రూపువాడికి సున్నా, మిగతా లోకానికి సున్నా. మర్నాడు నేనొస్తే గుడి తలుపులు తెరిచే ఉంటాయి, దర్శనం మాత్రం దొరకదు. ఓనరుని మార్చే కమాండు కొట్టి నా పేరు పెట్టుకున్నానా, సాయంత్రానికి భాయినా బయట నిలబడతాడు. 1936 ఏప్రిల్ 1న మా ఊరిని మద్రాసు రాజధానిలోంచి తీసి ఒడిశాలో కలిపారు. ఊరు అంగుళం కదల్లేదు, ఓనరు మారాడు. కానీ అది ఒక్కసారే జరిగింది. మీకు పూటకో రాష్ట్ర విభజన.

స్నాప్‌షాట్ల (తమరి ఒకనాటి స్థితిని ఫొటో తీసినట్టు దాచుకున్నవి) సంగతి ఎత్తకపోవడం మంచిది. ఎత్తుతాను. భాయినా ఏదో చెడగొట్టుకుని మిమ్మల్ని పాత స్నాప్‌షాట్‌కి నడిపించాడు. ఆయన తప్పుతోపాటు నేను కట్టిన శుభలేఖలూ, పెద్దన్నయ్య బిల్లులూ అసలు పుట్టనే లేదన్నట్టు పోయాయి. డిస్కు ఒకటే అయినప్పుడు వెనక్కి వెళ్లేది అందరమూనట. ఆ పెళ్లికూతురి తండ్రి నన్ను ఏమన్నాడో మీకు చెప్పను, మీకు సిగ్గుంటే కదా.

దసరాకి మేనల్లుడు వచ్చి ఉపాయం చేశాడు. ‘దుకాణం’ అని నాలుగో అకౌంటు సృష్టించి మిమ్మల్ని దాని పేరున రాసేశాడు. ఇప్పుడు మేం ముగ్గురం ఆ లేని మనిషి వేషం కట్టుకుని లోపలికి వస్తున్నాం. ఓనరు మారడు, 600 ఉన్నా బాధ లేదు. నిజం చెప్పొద్దూ, కొన్నాళ్లు సుఖపడ్డాం.

అప్పుడు తెలిసింది తమరి రెండో గుణం. గుమ్మం దగ్గర అంత బిగదీసుకునే మీరు లోపల ఎవరి గుట్టూ దాచరు. ముగ్గురికీ అదే డెస్క్‌టాప్, పాస్‌వర్డ్ లేదు. మొన్న పెద్దన్నయ్య షట్‌డౌన్ చేయకుండా ‘సేవ్ స్టేట్’ నొక్కి భోజనానికి వెళ్లాడు. మెమరీలో ఉన్నదంతా ఉన్నదున్నట్టు ఫైల్లో దాచి, మళ్లీ తెరిచినవాడికి వడ్డిస్తారు కదా మీరు. తెరిచింది నేను. పేజ్‌మేకర్లో, అను ఫాంట్లో, మా దుకాణం పంపకాల కాగితం! ముందు గదీ కటింగ్ మిషనూ పెద్దన్నయ్యకట. వెనక గదీ అప్పుపద్దులూ నాకట. ‘కంప్యూటరు’ అన్న మాట దగ్గర కర్సరు కొట్టుకుంటోంది. అది ఎవరికో తేలేలోగా ఆయనకి ఆకలేసినట్టుంది.

తిరిగొచ్చి తెరనీ నన్నూ చూశాడు. “ఊరికే డ్రాఫ్టురా తమ్ముడూ” అన్నాడు.

భాయినా కూడా వంగి చూశాడు. ఆయనకి తెలుగు బాగానే వచ్చు. “ఇందులో నా పేరు లేదేం?” అన్నాడు.

కాబట్టి అయ్యా, పంపకాలే జరిగితే మిమ్మల్ని క్లోన్ చేసి తలా ఒకరిని పట్టుకుపోతాం. ఎవడి వర్చువల్ మెషీను వాడిది, మీ తాతల ఆశయం నెరవేరుతుంది. ఒక్క ఎక్స్‌పీ లైసెన్సుని ముగ్గురం ఎలా కోసుకోవాలో మీరే సెలవివ్వాలి. ఈలోగా ఒక పక్క ఒడియా, ఒక పక్క తెలుగు ఉన్న కార్డు రేపటికి ఇవ్వాలి, భాయినా పక్క ఇంకా మొదలవలేదు. దయచేసి తెరుచుకోండి.

ఇట్లు,
‘దుకాణం’ అనే అకౌంటులో మూడో వంతు

తా.క. ఈ విన్నపం మీ లోపలే టైపు చేశాను. సేవ్ స్టేట్ నొక్కి భోజనానికి వెళ్తున్నాను. పెద్దన్నయ్య రెండింటికి వస్తాడు.