గ్లాసులో పిల్లి

మా వైపు బోర్డో అంటే కొట్టే మందే. కాకపోతే నిమ్మచెట్లకి కొట్టేది. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు. కొడవలి కొస ముంచి చూసి, తుప్పులా ఎర్రపొర కట్టలేదంటే పాళ్లు కుదిరినట్టు. ఈ మిశ్రమం పుట్టింది ఫ్రాన్స్‌లో, బోర్డో ద్రాక్షతోటల్లోనే. దారిపక్క పళ్లు దొంగలు కోయకుండా చల్లితే తీగలకి తెగులు కూడా రాలేదు. మియార్దే అనే శాస్త్రవేత్త ఆ కిటుకు పట్టుకుని 1885లో లోకానికి చెప్పాడు. అందుకే తూలూజ్‌లో ఉద్యోగం చేసే మా బావమరిది "బోర్డో వెళ్దాం బావగారూ" అనగానే తీర్థయాత్రకి బయల్దేరినట్టు కారెక్కాను.

వాడు తీసుకెళ్లింది వైన్ రుచి చూసే గదికి. బోర్డో పక్కనే ఉండే పెసాక్-లియోన్యాన్ అనే చోటి తెల్ల వైన్. సోవిన్యాన్ బ్లాన్, సెమియోన్ అనే రెండు ద్రాక్షల కలగలుపు. పోసే పెద్దమనిషి ఆ రెంటినీ పెళ్లిళ్ల పేరయ్యలా వర్ణించాడు: ఆమెది దూకుడు, కాస్త పులుపు, అతనిది నిదానం, ఒళ్లు చేసిన మనిషి, ఓక్ పీపాలో కొన్నాళ్లు కాపురం పెడితే సర్దుకుంటారు. వైన్ 10 నుంచి 12 డిగ్రీల్లో ఉండాలి. మరీ చల్లనైతే వాసనలు ముడుచుకుంటాయి. గ్లాసుని కింది కాడ దగ్గరే పట్టుకోవాలి. నేను అప్పటికే చారు గ్లాసులా అరచేత్తో పట్టేశాను. ఆయన నా వేళ్ల వంక, ఎంగిలి చెయ్యి నేతిగిన్నెలో పెట్టినవాణ్ణి చూసినట్టు చూశాడు.

గ్లాసు తిప్పించాడు. ముక్కు పెట్టించాడు. "ఏం తెలుస్తోంది?"

"ద్రాక్ష," అన్నాను.

గదంతా నా మీద జాలిపడింది. అక్కడ ఏ పండు పేరైనా చెప్పొచ్చు, ద్రాక్ష తప్ప. తలా ఒకటి అందుకున్నారు. పంపరపనస. మైనం. గీకిన చెకుముకి రాయి. చివరికి ఆయన కళ్లు మూసుకుని, మంత్రం ఉపదేశించినట్టు మెల్లగా చెప్పాడు: పిల్లి ఉచ్చ.

"పొగడ్తే బావగారూ," అని మావాడు చెవిలో ఊదాడు. వడ్ల బస్తాల దగ్గర ఇదే వాసన వస్తే మా నాయనమ్మ చీపురు తీసేది. ఇక్కడ టిక్కెట్టు కొని వెతుక్కుంటున్నారు. ఒకావిడకి దొరకలేదు, పాపం, మళ్లీ మళ్లీ ముక్కు పెట్టింది. ఆవిడ టెన్షన్ చూడలేక నాకు దొరికిన పిల్లిని ఇచ్చేద్దామనుకున్నాను. తర్వాత అందరం వరసగా, క్రమశిక్షణతో, బకెట్లో ఉమ్మాం.

2001లో అచ్చయిన ఒక ప్రయోగం ఉంది. బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ శాస్త్రం చదివే 54 మందికి సరిగ్గా ఈ రెండు ద్రాక్షల తెల్ల వైన్‌లోనే వాసన లేని ఎర్రరంగు కలిపి ఇస్తే, ఎర్రవైన్‌కి వాడే మాటలతో వర్ణించారు. ఆ సంగతి ఎత్తబోతే మావాడు నా కాలు తొక్కాడు.

ఈ వైన్‌కి జోడీ ఆర్కషాన్ తీరపు ఆల్చిప్పలట, మేకపాల చీజట. సరే. "ఈ పళ్లు యంత్రంతో కాదు, చేత్తో కోసినవి," అన్నాడు పోసే పెద్దమనిషి.

"ఎవరి చేత్తో?"

మావాడు అనువదించలేదు. నేనే ఇంగ్లీషులో అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. రాయి వాసన పట్టే ముక్కులకి మనిషి చెమట అందదేం? 2023లో అమ్ముడుపోని వైన్‌ని స్పిరిటుగా మార్చేయడానికి ఫ్రాన్స్ ప్రభుత్వం 20 కోట్ల యూరోలు కేటాయించింది. చేతులు కడుక్కునే శానిటైజర్‌కి! అందులో బోర్డో వైనూ ఉంది. ఎక్కువ ఎర్రదే, ఒప్పుకుంటాను. పండించిన చెయ్యి తెల్లదానికొకటి, ఎర్రదానికొకటి ఉంటుందా? అదే ఏడాది ఇక్కడి రైతులకి తీగలు పీకేస్తే హెక్టారుకి 6,000 యూరోలు ఇస్తామన్నారు. తాత నాటిన తీగని మనవడు డబ్బు తీసుకుని పీకాలి! టమాటా రోడ్డు మీద పారబోసిన వాణ్ణి అడగండి, ఆ వాసన ఎలా ఉంటుందో చెబుతాడు. ఏ సీసా వెనకా రాయరేం దాన్ని?

గొంతు పెరిగినట్టుంది. పెద్దమనిషి నా గ్లాసు వంక చూసి, వైన్ వేడెక్కుతోంది, త్వరగా రుచి చూసి ఉమ్మేయమన్నాడు.

మింగేశాను.