గజ ఈతగాడికి సర్టిఫికెట్టా!

నీళ్ళలో పడ్డవాణ్ణి గట్టుకి లాగడానికి కూడా శిక్షణ, పరీక్ష, సర్టిఫికెట్టు ఉంటాయని విని కోనసీమ ముక్కున వేలేసుకుంది. గౌతమి, వసిష్ఠ, వైనతేయ మూడూ మన పెరటి పక్కనుంచే పోతుంటే ఈతకి పాఠాలేంటండీ? ఎండిన ఆనపకాయ బుర్ర నడుముకి కట్టి పిల్లాణ్ణి కాలవలోకి తోస్తాం. గట్టెక్కినవాడు పాసు. ఎక్కనివాడు రీవాల్యుయేషన్ అడిగిన దాఖలా ఇంతవరకూ లేదు.

నీళ్ళ దగ్గర కాపలా కాసే లైఫ్‌గార్డుకి సర్టిఫికెట్టు ఇచ్చే అమెరికన్ రెడ్‌క్రాస్ వాళ్ళ చాదస్తం చూడండి. 15 ఏళ్ళు నిండాలి. చేతులు కదపకుండా కాళ్ళతోనే 2 నిమిషాలు తేలాలి. ఆపైన 20 గజాలు ఈది, 7 నుంచి 10 అడుగుల లోతుకి మునిగి, అడుగునున్న 10 పౌండ్ల బరువు తీసి, రెండు చేతులా పట్టుకుని వెల్లకిలా వెనక్కి ఈది, నిచ్చెన పట్టుకోకుండా గట్టెక్కాలి. అంతా 1 నిమిషం 40 సెకన్లలో! ఆ వ్యవధిలో మన రేవులో సెల్‌ఫోన్ కెమెరా ఆన్ చేయడం, 'ఎవరి తాలూకండీ కుర్రోడు?' అని విచారించడం మాత్రమే సాధ్యం. పైగా ఆ కాగితం 2 ఏళ్ళకే మురిగిపోతుందట. మన దగ్గర ఓసారి గజ ఈతగాడని పేపర్లో పడితే, మోకాళ్ళు పట్టేసినా బిరుదు పోదు.

అసలు లోపం వేరే ఉంది. వాళ్ళ లైఫ్‌గార్డు ఎవరూ మునగకముందే ఎత్తు కుర్చీ ఎక్కి కూర్చుంటాడు. తన పరిధి మొత్తం 10 సెకన్లలో ఓ చుట్టు చూడాలి, ఆపదలో ఉన్నవాడి దగ్గరికి 20 సెకన్లలో చేరాలి అని కొన్నిచోట్ల లెక్క నేర్పుతారు. ఎవడూ మునగని రోజు కూడా జీతం! ప్రజాధనం ఇలా తగలేస్తారా? మన పద్ధతిలో ఆ దుబారా లేదు. ముందు మనిషి మునగాలి. తర్వాత కేకలు, ఫోన్లు, ఎస్సైగారు, తహసీల్దారుగారు. అప్పుడు గానీ గజ ఈతగాళ్ళు 'రంగంలోకి దిగరు'.

మన గజ ఈతగాడు లుంగీ మొలకి బిగించి, సగం కాలిన బీడీని రాయి మీద ఆర్పి చెవిసందున పెట్టుకుని, నీటివాలు ఓసారి చూసి 'ఇక్కడ కాదండి, ఆ మలుపు కాడ తేలుద్ది' అంటాడు. తేలుద్ది. ఈ విద్యకి యూనిఫాం లేదు, బీమా లేదు. గట్టు మీద జనం వేసుకునే చందానే జీతం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన పర్యాటకుల పడవని అక్టోబరులో లంగర్లు, తాళ్ళతో లాగింది కాకినాడ ధర్మాడి సత్యం బృందమే. మునిగినదాన్ని తియ్యడంలో మనకి లోటేమీ లేదు, చిక్కల్లా మునగకుండా చూడ్డంలోనే.

ఇక వాళ్ళ వైద్యం. మునిగేవాడు సినిమాలోలాగా చెయ్యి ఊపి అరవడట, ఊపిరికే దిక్కులేక చప్పుడు లేకుండా పోతాడట. కేక వెయ్యనివాణ్ణి మనం ఎలా నమ్ముతాం? పైకి తెచ్చాక కుండ మీద బోర్లా వేసి దొర్లించకూడదట, పొట్ట నొక్కకూడదట. కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుందట. ముందు నోట్లోకి గాలి ఊది, గుండె మీద 30 నొక్కులు, 2 ఊదుళ్ళ చొప్పున నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగంతో నొక్కాలట. నలుగురూ చూస్తుండగా మొగాడి నోట్లో నోరు పెట్టడమా! కాళ్ళు పట్టి గిరగిరా తిప్పితే సరిపోయేదానికి.

అంతర్వేదిలో వసిష్ఠ కలిసేచోట సముద్రం లోపలికి లాగితే దానికి ఎదురీదకుండా, ఒడ్డుకి సమాంతరంగా ఈది పక్కకి తప్పుకోవాలని కూడా ఆ పాఠాల్లో ఉంది. మనకి అంత శ్రమ దేనికి, బోర్డు ఉంటుందిగా? 'ఇచ్చట స్నానం చేయరాదు'. ఎండకి వెలిసినా జీతం అడగని గార్డు. దిగేవాళ్ళు చొక్కాలు దానికే తగిలించి దిగుతారు.

2027లో గోదావరి పుష్కరాలు. గోవాలో జాతీయ జలక్రీడల సంస్థ ఎలాగూ నేర్పుతోంది కాబట్టి మన ఈతగాళ్ళని అక్కడికి పంపి, పత్రం ఇప్పించి, నెల జీతం మీద ముందే రేవులో కూర్చోబెట్టమని కొందరు తొందరపాటు మనుషులు సలహా ఇస్తున్నారు. ఇప్పించినా మాకు అభ్యంతరం లేదు గానీ, సిలబస్ స్థానికంగా ఉండాలి. కాలపరిమితి 1 నిమిషం 40 సెకన్లు కొట్టేసి, 'తహసీల్దారుగారు వచ్చేవరకు' అని రాయించండి.