ఎప్సిలాన్‌కి బాప్తిస్మం ఎప్పుడు?

అమెరికాలోని క్రైస్తవ విశ్వవిద్యాలయాల మీద నాకో ఫిర్యాదు ఉంది. అక్కడ మతం ఎక్కువైందని కాదు, చాలడం లేదని.

డిగ్రీ చివరి రెండేళ్ల లెక్కల కోర్సులు, అంటే రియల్ అనాలిసిస్, అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా, టోపాలజీ వగైరాల సిలబస్ కాగితాలు తిరగేయండి. మొదటి పేజీలో సృష్టికర్త మహిమ, సృష్టిలోని క్రమం, సత్యమంతా దేవుడిదేనన్న మాట. చదువుతుంటే కళ్లు చెమరుస్తాయి. పేజీ తిప్పగానే హోంవర్క్‌కి ఎన్ని మార్కులు, మిడ్‌టర్మ్ ఎప్పుడు. ఇక సెమిస్టర్ ముగిసేదాకా దేవుడి ఊసుండదు. యాభై నిమిషాల క్లాసులో ఒక నిమిషం ప్రార్థన, మిగతా నలభై తొమ్మిది నిమిషాలూ 'ఎప్సిలాన్ సున్నా కన్నా పెద్దది అనుకుందాం' (ఎప్సిలాన్ అంటే రుజువుల్లో వాడే, ఎంత చిన్నదైనా కావచ్చుగానీ సున్నా కాని సంఖ్య). పక్కనున్న ప్రభుత్వ యూనివర్సిటీలోనూ అదే ఎప్సిలాన్. ఫీజు మాత్రం వేరు.

చదువునీ విశ్వాసాన్నీ కలిపి బోధించడం అక్కడ ఆషామాషీ వ్యవహారం కాదు. కొన్నిచోట్ల ఉద్యోగం పర్మనెంట్ కావాలంటే దాని మీద ఓ వ్యాసం రాసివ్వాలి. చరిత్ర మాస్టారు ఒక్క రాత్రిలో రాసి పడేస్తారు. టోపాలజీ మాస్టారి టెన్షన్ ఊహించండి: కాంపాక్ట్ సెట్‌కీ (టోపాలజీలో ఓ రకం సమితి) రక్షణకీ ఎక్కడ లంకె పెట్టాలి? ఈ కష్టం చెప్పుకోవడానికే కాబోలు, క్రైస్తవ గణిత అధ్యాపకులు 1977లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని వీటన్ కాలేజీలో కలుసుకుని, ఏకంగా ఓ సంఘమే పెట్టుకున్నారు. మన గుంటూరు ఏసీ కాలేజీకి ఈ బెడద లేదు. కాలేజీ పెట్టింది లూథరన్ మిషన్, సిలబస్ పంపేది యూనివర్సిటీ. ఎవరి పని వారిది.

అందుకే నా సూచన: లెక్కల్లో దేవుణ్ణి పెడితే పూర్తిగా పెట్టండి.

మొదట 'పై' (π), అంటే వృత్తం చుట్టుకొలతని వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య, దాని విలువ సంగతి తేల్చాలి. సొలొమోను మందిరంలోని పోతపోసిన సముద్రం, అంటే ఆ పెద్ద ఇత్తడి తొట్టి, ఈ అంచు నుంచి ఆ అంచుకి 10 మూరలు, చుట్టూ 30 మూరలు అని రాజుల మొదటి గ్రంథం ఏడో అధ్యాయం చెబుతోంది. అంటే π విలువ 3. మూడు వచనాల కిందే 'బెత్తెడు దళసరి' అని ఉందని, కాబట్టి వ్యాసం బయటిది, చుట్టుకొలత లోపలిది అని సర్దిచెప్పే పండితులున్నారు. అలా లాగితే 3.1 దాకా వస్తుంది. ఆ మిగతా కాస్తా విశ్వాసంతో నింపుకోమనడం న్యాయమే.

నిజానికి దేవుడి ఊసులో ఆ నలభై తొమ్మిది నిమిషాల లెక్కలకి ఆ ఒక్క నిమిషం ప్రార్థన సాటి రాదు. 1734లో బిషప్ బర్క్‌లీ కాలిక్యులస్ మీద విరుచుకుపడ్డాడు. అందులోని అతిచిన్న రాశుల్ని భాగించేటప్పుడు సున్నా కాదంటారు, కొట్టేసేటప్పుడు సున్నాయే అంటారు, ఇవేమైనా చచ్చిన రాశుల దయ్యాలా అని అడిగాడు. ఇలాంటివి మింగగలిగినవాళ్లకి మతంలోని మర్మాలు గొంతుకి అడ్డం పడుతున్నాయా అన్నది ఆయన దెప్పు. ఆయన నోరు మూయించడానికి లెక్కలవాళ్లకి దాదాపు వందేళ్లు పట్టింది. ఆ జవాబే ఎప్సిలాన్. అది చెప్పినవాళ్లలో ఒకరు ప్రేగ్ నగరపు కాథలిక్ ఫాదర్ బోల్జానో. బిషప్ అడిగాడు, ఫాదర్ చెప్పాడు. సిలబస్ మొదటి పేజీలో మాత్రం ఇద్దరికీ చోటు లేదు, సూర్యాస్తమయం బొమ్మకి ఉంది.

సమితుల సంగతి ఇంకా ఘోరం. ఫ్లోరిడాలో క్రైస్తవ పాఠశాలలకి పుస్తకాలు వేసే ఓ ప్రచురణ సంస్థ, మా లెక్కల పుస్తకాల్లో సమితుల సిద్ధాంతం లాంటి ఆధునిక బరువులుండవని గొప్పగా ప్రకటించుకుంది. మన పదో తరగతి పిల్లలు ఏళ్ల తరబడి మోసిన బరువే అది. ఆ సిద్ధాంతం కట్టిన జర్మన్ లెక్కల పండితుడు కాంటర్ ఏం చేశాడో తెలుసా? అనంతాల్లో చిన్నవీ పెద్దవీ ఉన్నాయని రుజువు చేసి, దేవుడికేమైనా లోటు చేశానా అని 1880లలో రోమ్‌లోని కార్డినల్ ఫ్రాన్జలిన్‌కి ఉత్తరాలు రాశాడు. కాంటర్ లూథరన్, ఆయన కాథలిక్. ఇది సర్వేశ్వరవాదానికి, అంటే సృష్టీ దేవుడూ ఒకటేననే వాదానికి, దారి తీయదు కదా అని కార్డినల్ గారు మొదట జంకారు. సృష్టిలోని అనంతాలు వేరు, దేవుడి పరమ అనంతం వేరు అని కాంటర్ వివరించాక శాంతించారు. కార్డినల్ పాస్ చేసిన పాఠాన్ని ఫ్లోరిడా ఫెయిల్ చేసింది.

ఇక ప్రాక్టికల్స్. బనాఖ్, టార్‌స్కీ అనే ఇద్దరు లెక్కల పండితులు 1924లో రుజువు చేసిన దాని ప్రకారం ఒక గోళాన్ని కొన్ని ముక్కలు చేసి, తిప్పి అతికిస్తే అంతే సైజు గోళాలు రెండు వస్తాయి. అయిదు ముక్కలు చాలని తర్వాత తేలింది. అయిదు రొట్టెలు, అయిదు వేల మంది, మిగిలినవి పన్నెండు గంపలు! ఇంత దగ్గరి సాక్ష్యాన్ని ఏ చాపెల్‌లోనూ వాడుకోకపోవడం నేరం. కాకపోతే ఆ ముక్కలెలా కోయాలో ఎవరూ చూపించలేరు, యాక్సియమ్ ఆఫ్ ఛాయిస్‌ని (ఎన్ని సమితులున్నా ఒక్కోదాంట్లోంచి ఒక్కోటి ఎంచుకోవచ్చనే, రుజువు అడగని సూత్రాన్ని) ఒప్పుకుంటే ఉన్నాయని నమ్మాలి, అంతే. నాస్తిక ప్రొఫెసర్లు కూడా రోజూ నమ్ముతున్నారు.

చివరిగా నియామకాల గురించి. తర్కశాస్త్ర పండితుడు గోడెల్ దేవుడి అస్తిత్వానికి తర్కశాస్త్ర చిహ్నాలతో రుజువు రాశాడు. 1970లో ఒకరిద్దరికి చూపించాడు కానీ అచ్చుకి ఇవ్వలేదు, దేవుణ్ణి నిజంగానే నమ్ముతున్నానని జనం అనుకుంటారేమోనని సంకోచించాడట. ఆయన పోయాక 1987లో అది అచ్చయింది. అలాంటి మనిషి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటే కమిటీ ఏం చేయాలి? దేవుడి రుజువు ఫైల్లో ఉంది, 'ఈ మతాన్ని నమ్ముతున్నాను' అనే విశ్వాస ప్రకటన మీద సంతకం లేదు. నన్నడిగితే, సంతకం వచ్చేదాకా గెస్ట్ లెక్చరర్‌గా ఉంచమంటాను.