సాఫ్ట్‌వేర్ కొట్టాలి సార్

మా చిన్నప్పుడు ఇంట్లో ఒక రేడియో ఉండేది. అది గరగరలాడినప్పుడల్లా మా నాన్నగారు దాని నెత్తిన అరచేత్తో ఒక్కటి ఇచ్చేవారు. ప్రాంతీయ వార్తలు మళ్ళీ ఖంగున వినబడేవి. ఆ వైద్యానికి అప్పట్లో ఎవరూ పేరు పెట్టలేదు. ఇప్పుడు పెట్టారు. కారులో ఆండ్రాయిడ్ స్టీరియో మొరాయిస్తే షాపు కుర్రాడు దానివంక ఒక్క చూపు చూసి, "సాఫ్ట్‌వేర్ కొట్టాలి సార్" అంటాడు. అంటే సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించాలని. అరచెయ్యి పోయి పెన్‌డ్రైవ్ వచ్చింది గానీ కొట్టడం మాత్రం మన చేతి నుంచి పోలేదు.

ఈ కుర్రాళ్ళకు సమాజం ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వడం లేదన్నది నా ఆవేదన. డాక్టరు దగ్గరికి వెళ్తే రక్తం, మూత్రం, స్కానింగ్ అయ్యాకే రోగం పేరు చెబుతాడు. ఇక్కడ ఏ పరీక్షా లేదు. బ్లూటూత్‌లో అవతలివాళ్ళకు వాళ్ళ గొంతే తిరిగి వినబడుతోందా? సాఫ్ట్‌వేర్. గోడకి గుద్దేసిన తర్వాత రివర్స్ కెమెరా ఆ గోడను చూపిస్తోందా? సాఫ్ట్‌వేర్. ఆ మధ్య ఒకాయన డోరు స్పీకరు దగ్గర గలగలమంటోందని వస్తే దానికీ సాఫ్ట్‌వేరేనన్నాడు. కొట్టాడు కూడా. తర్వాత ఇంకెవరో డోరు విప్పితే లోపల రెండు రూపాయి బిళ్ళలు దొరికాయి. అయినా ఆ పెద్దమనిషి ఇవాళ్టికీ సాఫ్ట్‌వేర్ కొట్టాకే బిళ్ళలు బయటపడ్డాయని నమ్ముతున్నాడు.

ఇక నా సంగతి. 2014 నాటి నా చిన్న కారుకి పోయిన వేసవిలో విజయవాడ ఆటోనగర్‌లో తొమ్మిది అంగుళాల ఆండ్రాయిడ్ స్టీరియో బిగించాను. అట్టపెట్టె మీద ఆండ్రాయిడ్ 13, ఎనిమిది కోర్లు, 8 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజీ అని బంగారు అక్షరాలు. పదకొండు వేలు చెప్పాడు. ఎనిమిదిన్నరకి దించి, రివర్స్ కెమెరా ఊరికే పెట్టించుకున్నాను. అన్ని అంకెలకి ఈ ధరేమిటన్న అనుమానం రావలసిన చోట నాకు గర్వం వచ్చింది. బేరంలో గెలిచినవాడు సరుకు వంక చూడడు.

వారం తిరక్కుండానే జబ్బు బయటపడింది. దానికి మతిమరుపు. తాళం తిప్పి ఆపితే చాలు, నిన్నటిదాకా జరిగిందంతా మర్చిపోయేది. పొద్దున్నే తాళం తిప్పితే నలభై సెకన్లపాటు గుడ్డిగా నిలబడి, తర్వాత కొత్తగా పుట్టినట్టు కళ్ళు తెరిచేది. నేను పెట్టుకున్న స్టేషన్లు లేవు, ఈక్వలైజరు లేదు. గడియారం 1970 జనవరి 1 చూపించేది. కంప్యూటర్లు చాలావరకు కాలాన్ని ఆ రోజు నుంచే లెక్కపెడతాయట. నేను పుట్టింది 1973లో. అంటే నేను పుట్టకముందే నా కారుకి స్టీరియో బిగించేశారన్నమాట.

షాపుకి వెళ్ళాను. కుర్రాడు చెప్పాల్సింది చెప్పాడు. అయితే ఆ రోజు గిరాకీ ఎక్కువగా ఉండి, "మీరే కొట్టుకోండి సార్, ఏం లేదు, వాట్సాప్‌లో ఫైలు పంపిస్తా" అన్నాడు. ఈ 'ఏం లేదు' అన్న మాట మీద ఎవరైనా పరిశోధన చేయాలి.

ఈ పెట్టెలో బుర్రలు రెండు. ఒకటి పైకి కనబడే ఆండ్రాయిడ్. పాటలు, మ్యాపులు, వీడియోలు దాని పని. రెండోది ఎంసీయూ అనే చిన్న చిప్. తాళం తిప్పారా, రివర్స్ గేరు పడిందా, స్టీరింగ్ మీద ఏ బటన్ నొక్కారు, రేడియో ట్యూనింగు ఎక్కడుంది, ఇలాంటివన్నీ అదే చూసుకుంటుంది. పెద్దాయన హాల్లో కూర్చుని కబుర్లు చెబుతుంటే వంటింట్లో ఇల్లు నడిపే ఆవిడ ఉంటుంది చూడండి, అలాగన్నమాట. సాఫ్ట్‌వేర్ కూడా ఎవరిది వారికే. ఒకరిది ఒకరికి ఎక్కించరాదు. పైగా చాలా పెట్టెల్లో ఎంసీయూ వెర్షన్ పేరు మధ్యలో తయారీదారు తాలూకు రెండు మూడు అక్షరాలుంటాయి. కొత్త ఫైల్లోనూ సరిగ్గా అవే అక్షరాలుండాలి. పెళ్ళి సంబంధానికి గోత్రాలు కలవకూడదు, ఇక్కడ కలిసి తీరాలి. కలవకపోతే పెట్టె ఇక లేవకుండా ఇటుకైపోవచ్చు. ఇటుక అనేది నా ఉపమానం కాదు, ఈ వృత్తిలో వాడే మాటే అది.

తర్వాత పెన్‌డ్రైవ్. నా దగ్గరున్నది 64 జీబీది. ఈ పెట్టెలకు పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫైళ్ళు సర్దే పద్ధతిలో ఉండాలి. 32 జీబీ దాటిన పెన్‌డ్రైవ్‌కి మా ఇంటి కంప్యూటర్లో విండోస్ మామూలు ఫార్మాట్ కిటికీ ఆ పద్ధతి అసలు చూపించలేదు. ఇల్లంతా వెతికితే బీరువాలో చీరల మడతల మధ్య 8 జీబీది ఒకటి దొరికింది. చిన్నది, పాతది, అన్నివిధాలా యోగ్యమైనది. లోపల ఏవో పాత ఫైళ్ళున్నాయి. ఫార్మాట్ కొట్టాను.

స్టీరియోలో ఫ్యాక్టరీ సెట్టింగ్స్ అనే గది ఉంటుంది. సామాన్యులు అందులోకి పోయి పాడుచేసుకోకుండా దానికి పాస్‌వర్డ్ పెట్టారు. 8888. చైనాలోని షెంజెన్ నుంచి బయల్దేరిన పెట్టెల్లో బోలెడన్నిటికి అదే తాళం. కాకపోతే 126, అదీ కాకపోతే 3368.

రాత్రి తొమ్మిదిన్నరకి, వీధిలో వేపచెట్టు కింద, ఇంజిన్ ఆన్‌లో ఉంచి మొదలుపెట్టాను. మధ్యలో కరెంటు పోతే ఇటుకే. మా ఆవిడ పక్కసీట్లో కూర్చుంది. "ఏవండీ, ఏసీ వేయనా?" అంది. వద్దన్నాను. "తలుపు తీయనా?" అంది. అదీ వద్దన్నాను. తెర మీద పచ్చగీత 63 శాతం దగ్గర ఆగిపోయింది. మా ఇద్దరి ఊపిరీ అక్కడే ఆగింది. మూడు నిమిషాల తర్వాత 64. మా పెళ్ళిలో జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు కూడా మేం అంత ఏకాగ్రతతో లేము.

అప్‌డేట్ జయప్రదంగా ముగిసింది. ఫలితాలు: పెట్టె పూర్తిగా చైనీస్‌లోకి మారింది. మొదట వెలిగే గుర్తుగా వలయంలో మూడు కోణాల నక్షత్రం వచ్చింది. అంటే నా చిన్న కారు తెల్లారేసరికి జర్మన్ విలాస వాహనమైంది, ఇన్స్యూరెన్స్ మాత్రం పెరగలేదు. టచ్ తిరగబడింది. కుడివైపు నొక్కితే ఎడమవైపున్నది తెరుచుకునేది. మ్యాప్ కావాలంటే క్యాలిక్యులేటర్ నొక్కాలి. రెండు రోజుల్లో అలవాటైపోయింది. ఆఫీసులో ఏ ఫైలు కదలాలన్నా మనం వేరే టేబుల్ దగ్గర చెప్పుకోవడానికి అలవాటుపడ్డవాళ్ళమే కదా.

రేడియో మరీ విచిత్రం. దాని ప్రాంతం అమెరికాకి మారిపోయింది. అమెరికాలో ఎఫ్ఎం స్టేషన్లన్నీ దశాంశం తర్వాత బేసి అంకె మీదే ఉంటాయి. కాబట్టి నొక్కితే 102.1, మళ్ళీ నొక్కితే 102.3. మా విజయవాడ రెయిన్‌బో కృష్ణవేణి ఉండేది 102.2 మీద. అటూ ఇటూ దూకడమే గానీ మధ్యలో దిగదు. అమెరికా వెళ్ళి ఆరేళ్ళైన మా పెద్దాడు ఇప్పటికీ ఆవకాయ లేకుండా అన్నం తినడు. ఈ పెట్టె మాత్రం ఒక్క రాత్రిలో పూర్తిగా అక్కడిదైపోయింది.

మతిమరుపు ఏమైందంటారా? అది భద్రంగా అలాగే ఉంది. తెల్లారి తాళం తిప్పాను. 1970, జనవరి 1.

"అది ఎంసీయూది సార్, అది కూడా కొట్టాలి" అన్నాడు కుర్రాడు. కొట్టాను. టచ్ సరైంది, స్టీరింగ్ బటన్లు పోయాయి. వాటికి ఒక్కొక్క బటన్‌కీ ఇది ఫలానా అని మళ్ళీ నేర్పాలట. ఆదివారం పూట కారులో కూర్చుని, సౌండు పెంచే బటన్‌కి నువ్వు సౌండు పెంచాలమ్మా అని నచ్చజెప్పాను. సోమవారానికి మర్చిపోయింది. అప్పుడు మూడో ఫైలు వచ్చింది, "ఇది లేటెస్ట్ సార్, ఆండ్రాయిడ్ 14" అంటూ. ఎక్కించాను. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి చూస్తే నిజంగానే పద్నాలుగు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ కాఫీకి ముందే చూపించాను.

మా మేనల్లుడు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. వాడికీ చూపించాను, అదే నేను చేసిన తప్పు. వాడు ఏదో యాప్ ఎక్కించి, రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పి, "మామయ్యా, ఇది పద్నాలుగు కాదు. పదమూడు కూడా కాదు. అసలు వెర్షన్ ఏదో చెప్పే లోపలి నంబరుంటుంది, ఏపీఐ లెవెల్ అని. అది 27 అని ఉంది చూడు. అంటే 8.1" అన్నాడు. ఆండ్రాయిడ్ 8.1 వచ్చింది 2017 డిసెంబరులో. లోపలున్న చిప్ ఏసీ8227ఎల్, ఎనిమిది కోర్లు కాదు, నాలుగు. అవీ కార్టెక్స్-ఏ7 అనే పాతకాలపు 32 బిట్ల రకం. పాపం చిప్‌ది ఏ తప్పూ లేదు. అడిగినవాడికి అది తన అసలు పేరే చెప్పింది. బిల్డ్ ప్రాప్ అని ఒక చిన్న టెక్స్ట్ ఫైలుంటుంది. వెర్షన్ ఎంత అనేది అందులో ఒక వరుస. నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఎనిమిది కొట్టేసి పద్నాలుగు రాస్తే, సెట్టింగ్స్‌లో పద్నాలుగే కనబడుతుంది. నేను ఊపిరి బిగబట్టి ఎక్కించిన మూడో అప్‌డేట్‌లో కొత్తగా ఉన్నది ప్రధానంగా ఆ వరుసేనని వాడి తీర్పు.

వాడు నవ్వాడు గానీ నేను నవ్వలేదు. వెయ్యి బగ్గులు సరిచేయడానికి వందమంది ఇంజినీర్లు నెలల తరబడి కూర్చోవాలి. ఒక అంకె మార్చడానికి ఒక్కడు చాలు, ఫలితం వెంటనే కనబడుతుంది, కస్టమరు ఆనందిస్తాడు. ఈ సూత్రం మన దగ్గర కొత్తదా ఏమిటి? మా వీధి చివర బడి నా కళ్ళముందే మొదట కాన్వెంటు, తర్వాత కాన్సెప్ట్ స్కూలు, ఆ పైన టెక్నో, ఈ-టెక్నో, ఒలింపియాడ్ అయింది. ఈ జూన్‌లో ఏఐ అకాడమీ అని బోర్డు మారింది. భవనం అదే, ఇరుకు మెట్లు అవే, నీళ్ళు రాని బాత్రూములూ అవే, లెక్కల మాస్టారూ ఆయనే. వెర్షన్ మారిన ప్రతిసారీ ఫీజు మాత్రం నిజంగానే అప్‌డేట్ అయింది. ఆ పిల్లలకి ఎవరైనా యాప్ పెట్టి ఏపీఐ లెవెల్ చూస్తారేమోనని నా భయం.

పోయిన నెల కారు హారను మోగకపోతే ఆటోనగర్‌లోనే లారీలకి వైరింగ్ చేసే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. చెట్టు కింద స్టూలు, ఒక ప్లయరు, చిన్న బల్బుకి రెండు వైర్లు కట్టిన టెస్టింగ్ లైటు. అదే ఆయన సర్వీస్ సెంటరు. హారను పని అయ్యాక తాళం తిప్పితే స్టీరియో యథాప్రకారం నలభై సెకన్ల ధ్యానంలోకి వెళ్ళింది. "ఏంటి బాబూ, ఇది రోజూ ఇట్టాగే పుడతదా?" అన్నాడు. అవునన్నాను. స్టీరియో ముందుకి లాగి వెనక వైర్లు చూశాడు. పసుపు వైరు బ్యాటరీకి ఎప్పుడూ కలిసి ఉండాలి, పెట్టె గడియారం, జ్ఞాపకాలు చాలావరకు దాని మీదే బతుకుతాయి. ఎరుపు వైరు తాళం తిప్పినప్పుడే బతకాలి. బిగించినవాడు రెండూ కలిపి మెలేసి తాళం వైరుకే కట్టి టేపు చుట్టాడు. రాత్రి తాళం తీయగానే పెట్టె ప్రాణం మొత్తం పోయేది. లైటు పెట్టి చూసి, పసుపు విడదీసి, కలపాల్సిన చోట కలిపాడు. నాలుగు నిమిషాలు. డబ్బులివ్వబోతే "హారనుకిచ్చారుగా" అన్నాడు.

ఆ రోజు నుంచి తాళం తిప్పగానే రెండు సెకన్లలో లేస్తోంది. స్టేషన్లు గుర్తుంటున్నాయి. రేడియోని మా మేనల్లుడు ఇండియాకి తీసుకొచ్చాడు. తేదీ కూడా ఈ శతాబ్దానిదే. నిజం చెప్పాలంటే కొంచెం వెలితిగా ఉంది. పొద్దున్నే నలభై సెకన్లు ఏం చేయాలో తోచడం లేదు. అందుకేనేమో, మొన్న కుర్రాడు "సార్, ఆండ్రాయిడ్ 15 వచ్చింది, పంపమంటారా?" అని వాట్సాప్ పెడితే నా వేలు దానంతటదే పంపమని కొట్టింది.

నిన్న సాయంత్రం మా ఆవిడ బీరువా ముందు నిలబడి చీరలన్నీ మంచం మీద పరిచింది. "ఏవండీ, అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఫోటోలున్న చిన్న పెన్‌డ్రైవ్ ఇక్కడే పెట్టాను. చూశారా?"

చూశానన్నాను. నా దగ్గరే ఉందన్నాను. ఫోటోలు తెరుచుకోవడం లేదు, ఏం లేదు, ఆటోనగర్‌లో ఇస్తే సాఫ్ట్‌వేర్ కొడతారన్నాను.