రాబర్టో కార్లోస్ అంటే ఆ ఒక్క ఫ్రీ కిక్కేనా?

పోయిన వారం మా మేనల్లుడు ఒక వీడియో పంపాడు. 1997లో ఫ్రాన్స్ మీద బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడు రాబర్టో కార్లోస్ కొట్టిన ఫ్రీ కిక్. దాని కింద రాసిన మాటలు ఏళ్ల తరబడి తిరుగుతున్నవే. ఆ గోల్ ఫిజిక్స్‌కు అందదట. ఆ రోజు గాలి కలిసొచ్చిందట. మళ్లీ అలాంటిది కొట్టలేకపోయాడు కాబట్టి గుడ్డి దెబ్బేనట. అసలు అతనికి డిఫెన్స్ రాదట. 2006 వరల్డ్ కప్‌లో సాక్స్ సర్దుకుంటూ బ్రెజిల్‌ను ముంచాడట. మావాడు స్కూల్ టీమ్‌లో లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమ పక్కను కాసే డిఫెండర్‌గా ఆడతాడు. ఆ స్థానంలో ఆడిన అంత గొప్పవాడి గురించి వాడికి తెలిసింది ఇంతేనా అని బాధేసింది. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందు ఫిజిక్స్ సంగతి. 1997 జూన్ 3, లియోన్‌లోని జెర్లాండ్ స్టేడియం. గోల్‌కు దాదాపు 35 మీటర్ల దూరం. చిన్న చిన్న అడుగులతో చాలా దూరం నుంచి పరుగెత్తుకొచ్చి, ఎడమ పాదం బయటి అంచుతో బంతిని బలంగా కొట్టాడు. బంతి, అడ్డుగోడలా వరుసగా నిలబడ్డ ఫ్రాన్స్ ఆటగాళ్లకు కుడివైపుగా ఎంత బయటికి వెళ్లిందంటే, గోల్‌కు చాలా దూరంలో ఉన్న బాల్ బాయ్ తనకు తగులుతుందేమోనని తల వంచాడు. తర్వాత ఒక్కసారిగా ఎడమకు వంగి, పోస్టును తాకి లోపలికి పోయింది. గోల్‌కీపర్ బార్తెజ్ ఉన్నచోటి నుంచి కదల్లేదు.

తిరుగుతూ పోయే బంతి పక్కకు వంగుతుందని మాగ్నస్ ఎఫెక్ట్ పేరుతో ఎప్పటినుంచో తెలుసు. మరి చివర్లో అంత గట్టిగా ఎందుకు వంగింది? 2010లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు కొందరు నీళ్లలోకి చిన్న ప్లాస్టిక్ బంతులను తిప్పుతూ వదిలి దీన్ని పరిశీలించారు. ముందుకు పోయే వేగం త్వరగా తగ్గిపోతుంది, తిరిగే వేగం మాత్రం అంత త్వరగా తగ్గదు. అందుకే దూరం వెళ్లేకొద్దీ మలుపు బిగుసుకుంటూ, బంతి దారి నత్తగుల్లలా చుట్టుకుంటుంది. అంటే ఈ గోల్ ఫిజిక్స్‌కు అందనిది కాదు, ఫిజిక్స్‌ను కళ్లకు కట్టినట్టు చూపించింది. గాలి తోసిందన్న మాటకూ ఇదే జవాబు. అయినా గాలి వల్లే అంటూనే ఫిజిక్స్‌కు అందదనడం ఏమిటి? ఆ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవు.

మళ్లీ ఎందుకు కొట్టలేకపోయాడన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. అతను ఫ్రీ కిక్కులు చాలా కొట్టాడు, వాటిలో చాలా భాగం గోడకు తగిలాయి, పైనుంచి పోయాయి. అది దాచాల్సిన పని లేదు. కానీ ఆ మలుపు కనబడాలంటే దూరమూ, వేగమూ రెండూ కావాలి. మామూలు ఫ్రీ కిక్ 20, 25 మీటర్ల నుంచి ఉంటుంది. బంతి బాగా వంగేలోపే గోల్ వచ్చేస్తుంది. 35 మీటర్ల నుంచైతే చాలామంది గోల్‌కు కొట్టే ఆలోచనే చేయరు. అరుదుగా కుదిరేదాన్ని అదృష్టం అనడం తప్పు. 1998లో స్పెయిన్ జట్టు టెనెరిఫే మీద గోల్ లైన్ పక్కనుంచి, అసలు కోణమే లేని చోటు నుంచి కొట్టిన గోల్ కూడా చూడండి. 2002 వరల్డ్ కప్‌లో చైనా మీద మొదటి గోల్ అతని ఫ్రీ కిక్కే.

ఇక డిఫెన్స్ రాదన్న మాట. నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. ఇటలీ క్లబ్ ఇంటర్ మిలాన్‌లో కోచ్ రాయ్ హాడ్జ్‌సన్ అతన్ని వింగర్‌గా, అంటే పక్క అంచు నుంచి దాడి చేసేవాడిగా ముందుకు పంపాడు. అతను లెఫ్ట్ బ్యాక్‌గానే ఆడతానన్నాడు. 1996లో స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్‌కు వెళ్లాడు. అక్కడి కోచ్ ఫాబియో కాపెల్లో, డిఫెన్స్ విషయంలో ఎవరినీ ఉపేక్షించని మనిషి. ఆ స్థానం అతని చేతిలో పెట్టాడు. 11 ఏళ్లు అది అతనిదే. నాలుగు లా లిగా (స్పెయిన్ లీగ్) టైటిళ్లు, యూరప్ క్లబ్బుల మధ్య జరిగే ఛాంపియన్స్ లీగ్‌లు మూడు గెలిచాడు. ఎత్తు 168 సెంటీమీటర్లే. దాటిపోయిన వింగర్‌ను వెనక్కి పరుగెత్తి పట్టుకునే వేగం ఉండేది కాబట్టే అంత ముందుకు వెళ్లగలిగేవాడు. 2002లో వరల్డ్ కప్ గెలిచిన బ్రెజిల్ ఏడు మ్యాచ్‌లలో ఇచ్చిన గోల్స్ నాలుగు. వాటిలో ఆరింటిలో ఎడమ పక్కంతా కాసిందెవరు? బ్రెజిల్ తరఫున 125 మ్యాచ్‌లు ఊరికే ఆడించరు.

2006 సంగతికొస్తే, అవును, ఆ తప్పు ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగిన క్వార్టర్ ఫైనల్లో ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్ ఫ్రీ కిక్ కొట్టేటప్పుడు కార్లోస్ బాక్సు అంచున వంగి నిలబడ్డాడు. వెనక పోస్టు దగ్గర ఫ్రాన్స్ ఆటగాడు ఆన్రీ ఒంటరిగా గోల్ కొట్టాడు. కార్లోస్ ఆన్రీ వెంట పరుగెత్తి ఉండాల్సింది. కానీ అటువైపు వచ్చిన మిగతా బ్రెజిల్ ఆటగాళ్లు ఎవరూ ఆన్రీని పట్టుకోలేదు కదా. ఆ గోల్ తర్వాత అరగంటకు పైగా ఆట మిగిలి ఉన్నా, రొనాల్డో, రొనాల్డీన్యో, కాకా ఉన్న జట్టు ఒక్క గోల్ కూడా వేయలేకపోయింది. నింద ఒక్కడి మీదే పడింది. అతను మళ్లీ బ్రెజిల్ జెర్సీ వేసుకోలేదు.

కాఫీ తోటలుండే గార్సా అనే ఊళ్లో పుట్టినవాడు 42 ఏళ్ల వయసులో మన దేశానికి కూడా వచ్చాడు. 2015లో ఇండియన్ సూపర్ లీగ్ జట్టు ఢిల్లీ డైనమోస్‌కు కోచ్‌గా ఉంటూనే కొన్ని మ్యాచ్‌లు ఆడాడు, జట్టును సెమీఫైనల్‌కు తీసుకెళ్లాడు. అక్కడ ఢిల్లీని ఓడించిన గోవా జట్టులో ఉన్నవాడు 2002లో అతనితో కలిసి బ్రెజిల్ తరఫున వరల్డ్ కప్ గెలిచిన లూసియో. ఆ ఏడాది ఢిల్లీ వెళ్లలేకపోయానని నాకు ఇప్పటికీ దిగులే.

మేనల్లుడికి జవాబుగా ఒక వీడియో పంపాను. 2002 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, గ్లాస్గో, లెవర్‌కూసెన్ మీద రియల్ మాడ్రిడ్ 2-1. అందరూ చూసేది జిదాన్ వాలీ, అంటే బంతి నేలను తాకకముందే కొట్టిన గోల్. కొంచెం ముందు నుంచి చూడమన్నాను. మొదటి గోల్‌కు మాడ్రిడ్ ఆటగాడు రౌల్‌కు అందిన పొడవాటి త్రో కార్లోస్‌దే. హాఫ్ టైమ్‌కు కాస్త ముందు ఎడమ అంచున పరుగెత్తి, డిఫెండర్ మీద పడుతున్నా, జిదాన్ కోసం బంతిని అంత ఎత్తుకు లేపిందీ అతనే. వాడు రాత్రి ఫోన్ చేసి ఒక్కటే అడిగాడు: "మామయ్యా, అంత ముందుకు వెళ్లాక వెనక్కి ఎలా వచ్చేవాడు?"